ప్రేక్షకుని వ్యయప్రయాసములు

నాటకకర్తను గూర్చియు నటుని గూర్చియు మన పండితులు వ్రాసినది బహుళము. ప్రేక్షకుని గూర్చి వ్రాసినది స్వల్పము. రూపకలక్షణము, రసస్వరూపము, పాత్రౌచిత్యము మొదలగు విషయములపై నెన్నియో వ్యాసములు వెలువడినవి. కాని యా రస మెవ్వని హృదయమునఁ బుట్టవలయునో యా మానవుఁడు తన యింటినుండి రంగశాలకు వచ్చి, కూర్చుండి, చూచి, మరల నిల్లు చేరుటకుఁ బడెడి పాట్లేవి, పెట్టెడి వెచ్చ మెంత, పొందెడి సుఖ మేమి యను విచారణ మంతగా జరిగినట్లు కానరాదు. ఇది సాహిత్యవిచారమున కర్హము కాని లౌకికవిషయమని కొందఱు తలఁపవచ్చును. భరతముని యట్లు తలఁపలేదు. కావున నాయన నాశ్రయించియే ప్రారంభించెదను.

నాట్యశాస్త్రమున ద్వితీయాధ్యాయ మంతయుఁ బ్రేక్షాగృహనిర్మాణమునకే వినియుక్తమైనది. వికృష్టము, చతురస్రము, త్ర్యస్రము నని యాకారమునుబట్టి మూఁడు విధములు. జ్యేష్ఠము, మధ్యమము, అవరము నని పరిమాణమునుబట్టి మూఁడు విధములు. 108 హస్తముల జ్యేష్ఠగృహము దేవతలది. మానవులకు 64 హస్తముల నిడుపును 32 హస్తముల వెడల్పును గల మధ్యమగృహమే తగినదని ముని నిర్ణయము. హస్త మనఁగా మూర. మూరను అడుగున్నరగా లెక్కించినచో నది 96 అడుగుల నిడుపును 48 అడుగుల వెడల్పును గల శాల యగును. ఇందు వెనుకటి సగము రంగమునకును నేపథ్యమునకును బోవఁగాఁ బ్రేక్షకులకు మిగులునది 48 అడుగుల చతురస్రము. కట్టకడపటి వరుసలోఁ గూర్చున్నవానికిని నటుని కనుబొమకదలిక కానవచ్చును. అంతకు మించిన శాలలోఁ బాఠ్యము విస్వర మగుననియు, ముఖమునందలి భావము లవ్యక్తము లగుననియు ముని కారణములను గూడఁ జెప్పెను. ఆసనములను మెట్లవలె నొకదానికంటె నొకటి యెత్తుగా, ఇటుకతోను గొయ్యతోను నిర్మింపవలెనని విధించెను. ముందువాని తల వెనుకవాని కంటి కడ్డము రాఁగూడదనుటయే దీని యభిప్రాయము. ప్రేక్షకుని సుఖమునకు మునిచూపిన కొలఁత యిదియే: మాట వినఁబడవలెను, మొగము కనఁబడవలెను. మెత్తని యాసనముల ప్రసక్తి లేదు.

సిద్ధివ్యంజకాధ్యాయమున మఱికొన్ని విశేషము లున్నవి. ప్రదర్శనమునకుఁ గలుగు విఘ్నములకు ముని ఘాతము లని పేరిడి, దైవము, ఆత్మసముత్థము, పరసముత్థము, ఔత్పాతికము నని విభజించెను. గాలి, వాన, నిప్పు, ఏనుఁగు, పాము మున్నగువానివలనఁ గలుగునవి దైవఘాతములు. నటుఁడు తన పాఠమును మఱచుట, కిరీటము జాఱిపడుట వంటివి యాత్మసముత్థములు. ఓర్వలేనివారు బిగ్గఱగా నవ్వుట, అఱచుట, గోమయమును మట్టిబెడ్డలను విసరుట పరసముత్థములు. ఈ పట్టికను జదువునపుడు మన యూరి పందిళ్లలోఁ జూచినవే యిందున్నవి గదా యని తోఁపకపోదు. నేఁటి సెల్‌ఫోను దేనిలోఁ జేరునో విజ్ఞులు నిర్ణయింతురు గాక. మ్రోఁగునది యంత్రము గావున దైవఘాతమా? దాని నార్పక తెచ్చినవాఁడు మనుజుఁడు గావునఁ బరసముత్థమా?

అదే యధ్యాయమునఁ బ్రదర్శనకాలమును గూర్చియు విధి యున్నది. అర్ధరాత్రమునను, మధ్యాహ్నమునను, సంధ్యలయందును, భోజనవేళలయందును నాట్యమును బ్రయోగింపరాదు. ఆఁకలితో నున్నవానికి రసము పుట్టదని ముని యెఱుఁగును. కాని వెంటనే యొక మినహాయింపు: ప్రభు వాజ్ఞాపించినచో దేశకాలములను విచారింపక ప్రయోగింపవలసినదే. ఈ మినహాయింపును బాఠకులు జ్ఞాపకమునందుంచుకొందురు గాక; దీనితో మనకు ముందు పని యున్నది.

వెచ్చము మాట. ప్రేక్షకుఁ డింత యీయవలెనని ముని యెక్కడను రుసుము నిర్ణయింపలేదు. మానుషీసిద్ధిని వర్ణించుచోటఁ జిఱునవ్వు, పెద్దనవ్వు, సాధుసాధు వనుట, అయ్యో యనుట, గగుర్పాటు, లేచి నిలుచుట మొదలగు చిహ్నములతోఁ బాటు వస్త్రములను ఉంగరములను విసరి యిచ్చుటయుఁ బేర్కొనఁబడినది. కాఁబట్టి యా ప్రేక్షకుఁడు ముందు చూచెను, మెచ్చెను, పిదప నిచ్చెను. మనము ముందిత్తుము, పిదపఁ జూతుము, మెచ్చుట మన యిష్టము. ఈ తలక్రిందులైన క్రమమే ప్రేక్షకుని చరిత్రలో ముఖ్యమైన మార్పని నా యభిప్రాయము.

తెలుఁగుదేశమున నా మార్పు మిక్కిలి యాలస్యముగా వచ్చినది. పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమునందలి పర్వతప్రకరణమున శ్రీశైలశివరాత్రికిఁ జేరిన భక్తులయెదుట నాడిన యాటలను విపులముగా వర్ణించెను. అచటి ప్రేక్షకుఁడు కొండ యెక్కి వచ్చుటయే వెచ్చము. ఆటకు వేఱుగ నిచ్చున దేమియు లేదు. వీథిభాగవతములును యక్షగానములును నిట్టివే. గ్రామమో, గుడియో, దాతయో మేళమునకు ముట్టఁజెప్పును. చూచువాఁడు చాప తెచ్చుకొనును. తెలంగాణమునందలి చిందుభాగవతులకు నేఁటికిని గ్రామములపై మిరాశిహక్కు లను మాట యున్నది. అనఁగా నే మేళ మే యూర నాడి, యెవ్వరివలన ధాన్యమును గట్నమును బుచ్చుకొనవలయునో పరంపరగా నేర్పడిన కట్టుబాటు. అక్కడఁ బ్రేక్షకుఁడు పోషకుఁడు నొక్కఁడే కాకపోయినను, ఒక్క యూరివారే. ఆట చెడినచో మఱునాఁడు మేళమువారిని నిలదీయుటకు వెనుదీయరు.

ఆనాఁటి ప్రేక్షకునకు సుఖము తక్కువ యని మన మనుకొందుము. నేల తడి, కాగడా పొగ, దోమలు, నిద్ర యన్నియు నున్నవి. కాని యతఁడు నడుమ లేచి పోవచ్చును, పండుకొనవచ్చును, తనకుఁ బ్రియమైన ఘట్టమునకు లేపుమని ప్రక్కవానితోఁ జెప్పవచ్చును. కథ ముందే తెలిసినది గావున నేమియుఁ బోదు. తెర మాటయు నిట్టిదే. యక్షగానమునఁ దెర యనఁగా నిద్దఱు మనుష్యులు చేతఁ బట్టిన గుడ్డ. ఆ తెరమీఁదికి సత్యభామ జడ వైచినపుడు ప్రేక్షకులలో నున్న విద్వాంసునకు సవా లన్నమాట. ప్రేక్షకుఁ డచట నూరక కూర్చున్నవాఁడు కాఁడు. అదే శబ్దము పిమ్మట నాటకశాలయందలి చిత్రపుఁదెరయై, సినిమా వచ్చిన తరువాత వెండితెరయై నిలిచినది. ఆట యను శబ్దమును నట్లే. చిత్రశాలలలోఁ బ్రదర్శనమునకు మొదటియాట, రెండవయాట యని నేఁటికిని వ్యవహారము.

టికెట్టు మన నాటకమునకుఁ బశ్చిమమునుండి వచ్చినది. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు తెలుఁగుసీమకు వచ్చి హిందీనాటకము లాడి వెళ్లిరి. ఆ యేఁటనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమునఁ దమ విద్యార్థులచే వ్యవహారధర్మబోధినిని బ్రదర్శింపించిరి. 1885లోఁ గడపమండలమునందలి సురభిగ్రామమున వనారస గోవిందరావుగారి కుటుంబమువారు కీచకవధ మాడి సురభిసమాజమునకు మూలమైరి. 1886లో బళ్లారియందు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి చిత్రనళీయము రంగమెక్కినది. 1892లో విజయనగరమున గురజాడ యప్పారావుగారి కన్యాశుల్కము ప్రదర్శితమైనది. పదుమూఁడేండ్లలో నిన్ని! సాహిత్యచరిత్రకారులు దీనిని నాటకరచనయొక్క యుదయముగా వర్ణింతురు. ప్రేక్షకుని పక్షమునుండి చూచిన నిది ద్వారముగల శాలయొక్క యుదయము. ద్వార మున్నచోట ద్వారపాలకుఁ డుండును. ద్వారపాలకుఁ డున్నచోట రుసు ముండును.

రుసుముతోఁ బాటు తరగతులు వచ్చినవి. నేల, బెంచి, కుర్చీ, మేడ యను నాలుగు మాటలు తెలుఁగువారి సాంఘికచరిత్రలోఁ జిన్నవి కావు. నేలటికెట్టువాఁ డందఱికంటె ముందు, రంగమునకు మిక్కిలి చేరువగాఁ గూర్చుండును. ఎక్కువ ధనమిచ్చినవాఁడు కుర్చీలో వెనుకఁ గూర్చుండును. సినిమాశాలలలో దీనికి కారణము కలదు: తెరకు మిక్కిలి చేరువనుండి చూచుట కన్నులకును మెడకును బాధ. కాని నాటకమున కది చెల్లదు. నాటకశాలలో ముందువరుసలు కుర్చీలవారికిఁ బోయినవి. నేలవాఁడు వెనుకకు నెట్టఁబడెను. 48 అడుగుల లోపల నందఱు నుండవలెనన్న భరతుని కొలఁత యిచట భగ్నమైనది. వినఁబడనివాఁ డేమి చేయును? అఱచును. మన నాటకశాలలలోఁ జిరకాలము వినవచ్చిన కేకలకు సగము కారణము ప్రేక్షకుని యసభ్యత గాదు, శాల నిడుపు. ధ్వనివర్ధకయంత్రము లేని కాలమునఁ బద్యమును దారస్థాయిలో నెత్తుకొని దీర్ఘముగా సాగఁదీయుట కూడఁ గొంతవఱకు వెనుకటి వరుసకొఱకే యని యూహింపవచ్చును. బళ్లారి రాఘవగారు (1880–1946) సంగీతపు మితిమీఱుటను గర్హించి స్వాభావికాభినయమును బోధించిరి. ఆయన వాదమును బ్రేక్షకు లందఱు వెంటనే యంగీకరింపకపోవుటకు రుచిభేద మొక్కటియే కారణము గాకపోవచ్చును; మెల్లగాఁ బలికిన మాట నేలవానికిఁ జేరవలెను గదా.

పద్యనాటకముల కాలమున వన్స్‌మోరను మాట ప్రేక్షకుని హక్కు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములందలి రాయబారఘట్టమున నొక్కొక్క పద్యము రెండుమూఁడు మాఱులు పాడవలసివచ్చెడిది. దీనిని దోషముగానే విమర్శకు లెంచిరి. కథాగమనము చెడును, పాత్ర మాయమై గాయకుఁడు మిగులును. అది నిజమే. కాని ముందుగా రూక లిచ్చి కూర్చున్నవానికి మెచ్చి యుంగరము విసరు నవకాశము లేదు. మరలఁ బాడుమనుటయే యతనికి మిగిలిన సత్కారవిధానము. నటులకు వేఱువేఱుగా వేతనము కట్టి తెచ్చెడి కాంట్రాక్టు నాటకములలో నిది మఱింత హెచ్చెను. ఒక్కొక్క గాయకుని కొఱకు వచ్చినవాఁ డొక్కొక్క గాయకునియొద్ద తన రూక లీడేర్చుకొన్నాఁడు.

ఆ నాటకములు రాత్రి భోజనములైన పిదప నారంభమై తెల్లవాఱువఱకు నడచెడివి. నేఁటివారికిది వింతగాఁ దోఁచును. అర్ధరాత్రప్రయోగమును ముని నిషేధించెనని చెప్పితిని గదా. మన పెద్దలు దాని నేల యుల్లంఘించిరి? ప్రేక్షకుని దారియే దీనికి ముఖ్యకారణమని తోఁచుచున్నది. చుట్టుప్రక్కల పల్లెలనుండి బండ్లపై వచ్చినవాఁడు నడిరేయి రెండు గంటలకు బయలుదేఱి పోలేఁడు. ఆట ముగియుటయుఁ దెల్లవాఱుటయు నొక్కటే యైనచో సుఖముగా నిల్లు చేరును. నిడివిగల నాటకము ప్రేక్షకునకు శిక్ష గాదు, బస. పట్టణములలో దీపములు, బస్సులు వచ్చి, మఱునాఁ డుదయమునఁ గార్యాలయమునకుఁ బోవలసినవారు ప్రేక్షకులైన తరువాత నాటకము కుదించుకొనక తప్పినది కాదు. 1909 నాఁటి కన్యాశుల్కము పూర్తిగా నాడిన నొక్క సాయంకాలమున ముగియదు. జె. వి. రమణమూర్తిగారు దానిని సంక్షేపించి పెక్కుమాఱులు ప్రదర్శించుటచేతనే కడపటితరమువారు దానిని రంగముపైఁ జూడఁగలిగిరి. 1929లోఁ దెనాలియందుఁ బుట్టిన యాంధ్రనాటకకళాపరిషత్తును, దాని ననుసరించిన పరిషత్తులును బోటీలు పెట్టుటచే నాటిక, ఏకాంకిక ప్రబలినవి. ఒక్క దినమునఁ బెక్కు సమాజములు పోటీచేయవలెనన్నఁ గాలనియమము తప్పదు. ఇట్లు బండిబాటయు, బస్సువేళయు, పోటీనియమమును రూపకప్రమాణమును నిర్ణయించినవి. అంకసంఖ్యను గూర్చి చర్చించు పాఠశాలాపండితులు విద్యార్థులకు దీనినిఁ గూడఁ జెప్పవచ్చును.

ఇఁక హైదరాబాదు. ఇచటి తెలుఁగు ప్రేక్షకుని గూర్చి వ్రాయునపుడు 1921 నవంబరు మాసపు ఘటన నొకదానిని విడువరాదు. కోఠిప్రాంతమునందలి వివేకవర్ధినీ నాటకశాలలో మహర్షి కార్వేగారి యధ్యక్షతను సంఘసంస్కారసభ జరిగినది. ఆంగ్లమునను, ఉర్దూమరాఠీలయందును బ్రసంగములు సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుఁగున మాటాడ లేచినంతనే సభలోనివారు చప్పట్లు చఱచి, గేలిచేసి యాటంకపఱచిరి. ఆ రాత్రియే కొందఱు తెలుఁగువారు కూడి యాంధ్రజనసంఘమును స్థాపించిరి. అది నాటకము గాదు, సభ. కాని శాల నాటకశాల, చేసినవారు ప్రేక్షకస్థానమునఁ గూర్చున్నవారు. భరతుని పట్టికలోఁ బరసముత్థఘాతమున కింతకంటెఁ దగిన యుదాహరణము దొరకుట యరుదు. తెలంగాణమునందలి భాషోద్యమ మొక రంగశాలయందలి గేలినుండి పుట్టినదని సాహిత్యచరిత్రకారులు మఱవరాదు.

ఆ నగరము తూర్పునకుఁ బెరిగి, దిలుసుఖనగరము, చైతన్యపురి, కొత్తపేట, ఎల్. బి. నగరము నని వీథులు వీథులుగా వ్యాపించినది. చైతన్యపురి పరిశోధకులకుఁ గొత్త పేరు గాదు. అచటి ఫణిగిరికొండపైఁ గోసగుండ్ల నరసింహస్వామి యాలయముచెంత బండమీఁద విష్ణుకుండి గోవిందవర్మకాలపు ప్రాకృతశాసన మున్నది, గోవిందరాజవిహారమును బేర్కొనునది. హైదరాబాదు నగరపరిధిలో దొరకిన శాసనములలో నదియే ప్రాచీనతమమని పరిశోధకుల మతము. క్రీస్తుశకపు ఐదవశతాబ్ది ప్రాంతమున భిక్షువులకుఁ బ్రాకృతమున వ్రాసిన యా తావున నేఁడు కళాశాలలు, శిక్షణాలయములు, వసతిగృహములు క్రిక్కిఱిసియున్నవి. పల్లెలనుండి వచ్చిన విద్యార్థులు వేలకొలఁది. అనఁగా నాటకమునకుఁ గావలసిన వయస్సు, తీఱిక, కుతూహలము నున్న ప్రేక్షకు లిచట నున్నారు.

వారికి దగ్గఱ నున్నవి చిత్రశాలలు. కోణార్కు, వెంకటాద్రి, రాజధాని, మేఘ మొదలగు పేళ్లు దిలుసుఖనగరమున శాలలపేళ్లుగానే గాక బాటసారులకు గుఱుతులుగాఁ గూడ వాడుకయైనవి. 2013 ఫిబ్రవరి 21వ తేది సాయంకాలము బాంబులు ప్రేలినపుడు ప్రపంచ మంతయు నా తావుల నీ శాలలపేళ్లతోనే గుర్తించినది. ఆ పిమ్మటఁ గొంతకాలము జనులు సాయంకాల మచటికిఁ బోవుటకు జంకిరి. ప్రేక్షకుని వెచ్చమును లెక్కించునపుడు భయమును గూడ నొక పద్దుగా వ్రాయవలసియుండును. 2024 డిసెంబరు 4వ తేది రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌నందలి సంధ్యచిత్రశాలయొద్ద విడుదలకు ముందునాఁటి ప్రత్యేకప్రదర్శనమునఁ ద్రొక్కిసలాట జరిగి యొక స్త్రీ ప్రాణము గోల్పోయెను. ఆమె బాలుఁడు ప్రాణాపాయస్థితిలోఁ బడెను. నటుని దర్శనమునకై చెలరేఁగిన సంరంభ మిది. చిత్రముయొక్క గుణదోషములతో దీనికి సంబంధము లేదు.

చిత్రశాల వెచ్చమును లెక్కింతము. 2021 డిసెంబరులోఁ దెలంగాణప్రభుత్వ మిచ్చిన యుత్తరువునఁ జల్లదనపు యంత్రములుగల సామాన్యశాలకు హెచ్చు వెల 150 రూపాయలు, మల్టిప్లెక్సునకు 250 రూపాయలు, పన్ను వేఱు. నూఱు రూపాయలు దాఁటిన టికెట్టుపైఁ బన్ను నూటికిఁ బదునెనిమిది. కాఁబట్టి చైతన్యపురినుండి నలుగురు గల కుటుంబము సామాన్యశాలకుఁ బోయిన 708 రూపాయలును, మల్టిప్లెక్సునకుఁ బోయిన 1180 రూపాయలును ద్వారముచెంతనే సరి. ఇంటనుండి ఫోనులోఁ గొన్నచో సౌకర్యరుసుము వేఱు. సౌకర్యమునకు రుసుము పెట్టిన శాస్త్రము భరతున కందలేదు. విరామమున మొక్కజొన్నపేలాల వెల యొక్కొక్కచోట టికెట్టు వెలను మించును. బయటి తినుబండములను నిషేధింపరాదని జమ్మూకాశ్మీర ఉన్నతన్యాయస్థానము 2018లోఁ దీర్పు చెప్పఁగా, 2023 జనవరి 3వ తేదిని సర్వోన్నతన్యాయస్థానము దానిని గొట్టివైచినది: శాల యజమాని నిషేధింపవచ్చును, కాని మంచినీ రుచితముగా నీయవలెను, పసిబిడ్డల యాహారమును దెచ్చుకొననీయవలెను. పొరుగున ఆంధ్రప్రదేశమున 2021 ఏప్రిలులో వెలువడిన యుత్తరువు గ్రామములందలి సామాన్యశాలలకుఁ గనిష్ఠమును 5 రూపాయలుగా నిర్ణయించినది. నేలటికెట్టు మరల వచ్చినదని కొందఱు సంతసించిరి. శాలలవారు దీపముల వెచ్చము కూడ రాదని మొఱపెట్టిరి. పెక్కు శాలలు మూఁతపడినవి. 2022 మార్చిలోఁ గనిష్ఠము 20 రూపాయలకుఁ బెంపఁబడినది. వెలను మిక్కిలి తగ్గించుట ప్రేక్షకునకు మేలు గాదని యిచటఁ దేలినది. శాలయే మూఁతపడినచో నైదు రూపాయల టికెట్టుతో నేమి ప్రయోజనము?

నాటకమునకు రాజ్య మిచ్చిన వెసులుబాటు వేఱు. 1876 నాఁటి నాటకప్రదర్శనశాసనము నాటకమును శంకించి పుట్టినది. 2018 వఱకు గ్రంథస్థమైయుండి తొలఁగింపఁబడినది. 1939లో మదరాసుప్రభుత్వము వినోదపుఁబన్ను విధించినది. 2017 జూలై 1వ తేదిని వస్తుసేవాపన్ను వచ్చి దాని స్థానము నాక్రమించినపుడు, నాటకమునకు 250 రూపాయల లోపలి టికెట్టుపైఁ బన్ను లేదనిరి. మఱు సంవత్సరము జనవరిలో నా మితిని 500 రూపాయలకుఁ బెంచిరి. సినిమాకు నూటికిఁ బదునెనిమిది పడుచోట నాటకమునకు శూన్యము. ఇంతటి యనుగ్రహము గలిగియు నాటకసమాజములకు లాభ మేమి? మన తెలుఁగు నాటకములకుఁ దఱచుగాఁ బ్రవేశ ముచితము. లేని టికెట్టుపై లేని పన్ను!

ఈ యుచితప్రవేశమును గూర్చి కొంచెము నిలిచి విచారింపవలెను. ప్రేక్షకునకు సుఖకరముగాఁ గనఁబడు నీ పద్ధతియే యతని యాశాభంగములకు మూల మని నా తలంపు. శాలబాడుగను, నటుల ప్రయాణవ్యయమును దాతయో, ప్రభుత్వశాఖయో భరించును. భరించినవారిని వేదికమీఁదికిఁ బిలువక తప్పదు. ఆహ్వానపత్రమున ఆఱు గంటలని యుండును. ముఖ్యాతిథి యేడుంబావునకు వచ్చును. జ్యోతిప్రజ్వలనము, ప్రసంగములు, శాలువలు, జ్ఞాపికలు. ఎనిమిదిన్నరకుఁ దెర లేచును. భోజనవేళ యనఁగా నిదియే. ప్రభు వాజ్ఞాపించినచో దేశకాలములను విచారింపవలదన్న మినహాయింపు నేఁటికిని నడచుచున్నది. టికెట్టు కొన్నవాఁడైన నేల యాలసించితిరని యడుగును. ఊరక వచ్చినవాఁ డడుగఁజాలఁడు. అతిథి యెవ్వఁడును వంట యాలస్యమైనదని గృహస్థును గద్దింపఁడు. ఉచితముగా వచ్చినవాఁ డుచితముగాఁ బోవును గూడ. రెండవరంగము నడుమ లేచుటకుఁ గొంకఁడు. నటులకు మిగులునది రిక్తాసనములు, ముందువరుసలో నిర్వాహకులు, ప్రక్కవరుసలో మఱునాఁడు పోటీ చేయవలసిన సమాజమువారు.

సురభివారి పద్ధతి వేఱు. వారు తరతరములుగా డేరాతోడను రేకులశాలతోడను ఊరూరఁ దిరిగి, టికెట్టుమీఁదనే కుటుంబములను బోషించుకొనిరి. 1932లో విడుదలయైన మొదటి తెలుఁగుటాకీ భక్తప్రహ్లాద యానటులతోడనే తీయఁబడినది; తమ ప్రేక్షకులను దీసికొనిపోఁబోవు చిత్రమునకుఁ దామే వేషము లిచ్చిరి. అయినను హైదరాబాదునఁ బబ్లికు గార్డెన్సునందును శేరిలింగంపల్లియందును వారి మాయాబజారును బిల్లలతోఁ జూచినవా రీ నగరమునఁ బెక్కురు. అచటి ప్రేక్షకులు రూక లిచ్చి వచ్చిరి గావున సకాలమునకు వచ్చిరి. బాణములు గాలిలోఁ దాఁకినపుడు చప్పట్లు చఱచిరి. పిల్లలకు నిద్ర రాలేదు.

చైతన్యపురివానికి నాటకముయొక్క నిజమైన వెచ్చము దారి. రవీంద్రభారతి 1961లో రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సందర్భమున నిర్మితమై సర్వేపల్లి రాధాకృష్ణగారిచేఁ బ్రారంభింపఁబడినది. చైతన్యపురినుండి యచటికిఁ బూర్వము బస్సులో నెంత కాలము పట్టునో చెప్పుట దైవజ్ఞులకును దుష్కరము. 2018 సెప్టెంబరు 24వ తేదిని అమీర్‌పేట, ఎల్. బి. నగరముల నడుమ మెట్రోరైలు నడువ నారంభించిన పిదప నీ కష్టము సగము తీఱినది. దిలుసుఖనగరము, మూసారంబాగు, న్యూమార్కెట్టు, మలకుపేట దాఁటి, మూసీపైనుండి బస్సుస్టేషనును జేరి, వివేకవర్ధినికి దవ్వు గాని యుస్మానియా వైద్యకళాశాలస్థానముమీఁదుగా, గాంధీభవనము, నాంపల్లి, శాసనసభ గడచి, పదవ స్థానమైన లకడీకాపూలున దిగవలెను. 2025 మే నెలలో గరిష్ఠపు ఛార్జీని 60 రూపాయలనుండి 75 రూపాయలకుఁ బెంచి, జనులు మొఱవెట్టఁగాఁ బదింట నొకవంతు తగ్గించిరి. నలుగురు పోయి వచ్చిన నెనిమిది ప్రయాణములు. ఉచితప్రవేశపు నాటక మింటికి వచ్చునప్పటికి ఉచితము గాదు.

కడపటి బండి రాత్రి పదునొకండు గంటల ప్రాంతమునఁ గదలును. ఆఱింటికి మొదలై యెనిమిదిన్నరకు ముగియు నాటకమును జూచినవాఁడు నెమ్మదిగా నిల్లు చేరి భుజించును. ఎనిమిదిన్నరకు మొదలైన నాటకమునఁ బదిగంటలు కాఁగానే దూరపువారు గడియారములను జూచుకొందురు, పదింబావునకు ఎల్. బి. నగరమువైపువా రొక్కొక్కరుగా లేతురు. నాటకకర్త సంధ్యంగములను జక్కఁగాఁ గూర్చి నిర్వహణసంధిని గడపట నుంచియుండును. దానిని జూచువారు లకడీకాపూలునకు నడచిపోఁగల యిరుగుపొరుగువారు మాత్రమే. ఆహ్వానపత్రములందుఁ బ్రారంభకాలముతోఁ బాటు ముగియుకాలమును గూడ నచ్చువేయింపుఁడని నేనొక సమాజమువారిని గోరితిని. ముగియుకాలమును వేయవలెనన్న ముఖ్యాతిథి ప్రసంగకాలమును ముందుగా నెఱుఁగవలెను గదా యని వారు బదులు చెప్పిరి.